చెమటక్క తీర్పు

“ఒక్క చుక్క కూడా లోపలికి రాదు” అని ఆ బూట్ల కంపెనీవాళ్ళు ఊళ్ళో ఉన్న ప్రతి గోడ మీదా రాయించారు. పక్కనే బొమ్మ. బొమ్మలో ఒక కుర్రాడు మోకాలి లోతు వాగులో నిలబడి పళ్ళికిలిస్తుంటాడు. చీలమండ దాటని బూటు వేసుకుని మోకాలి లోతు నీళ్ళలో దిగితే నీళ్ళు పైనుంచే గుడగుడా లోపలికి పోతాయని ఆ బొమ్మ వేయించినవాడికి తెలియదా? భేషుగ్గా తెలుసు. చూసేవాళ్ళకు బుర్ర లేదని అంతకంటే భేషుగ్గా తెలుసు.

పోనీ జనమేమైనా తక్కువ తిన్నారా? పుట్టి బుద్ధెరిగాక ఇంటి మేడ మెట్లు తప్ప ఇంకేమీ ఎక్కనివాడికి ఒక రోజు పొద్దున్నే కొండలెక్కాలని సరదా పుడుతుంది. వెంటనే పోయి ఆ బూట్లు కొంటాడు. వానలో ఒక పూట తిరుగుతాడు. ఇంటికొచ్చి సాక్సులు పిండుతాడు, బకెట్లో నీళ్ళు పడతాయి. అప్పుడు గుండెలు బాదుకుంటూ బూట్లను డబ్బాలో పెట్టి కంపెనీకి తిప్పి పంపుతాడు. అలా తిరిగొచ్చిన డబ్బాలన్నీ కంపెనీ భవనం అడుగున, కిటికీ లేని గదిలో పోగుపడతాయి. ఆ గదికి రాణి చెమటక్క.

చెమటక్క అనేది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. ఆమెకు అది బిరుదు. డబ్బా తెరవగానే ముక్కు చిట్లిస్తుంది. మణికట్టు దాకా చెయ్యి లోపలికి దూర్చి కుట్ల వెంబడి వేళ్ళతో తడుముతుంది. తర్వాత బూటు నిండా ఎండు న్యూస్‌పేపరు కుక్కి, గది మూల ఉన్న యంత్రానికి తొడుగుతుంది. ఆ యంత్రానికి రెండు కొయ్యకాళ్ళు. నీళ్ళ తొట్టిలో అవి టపా టపా నడుస్తున్నట్టు లేస్తూ పడుతూ ఉంటాయి. భోజనాల వేళ దాకా నడిపించి, బూటు విప్పి, కాగితం తీసి చూస్తే అది ఎంత పొడిగా ఉంటుందంటే మళ్ళీ చదువుకోవచ్చు. అంతే, తీర్పు అయిపోయినట్టే. డబ్బా మీద ఠపీమని ఒక ముద్ర: “పాదాల స్వంత తేమ.”

స్వంత తేమట! చెమట అనడానికి మేనేజరు కనిపెట్టిన మాట అది. చెమట అంటే కొన్నవాళ్ళ మనసు నొచ్చుకుంటుందని ఆయన బాధ. చెమటక్కకు అలాంటి మొహమాటాలేమీ లేవు.

“వీడివి కాళ్ళా, కుళాయిలా?” అంటుంది ఒక జత చూసి.

“ఈ మహాతల్లి బురదలో పొర్లిందో ఏమో, మనమీద పడి ఏడుస్తోంది” అంటుంది ఇంకో జత చూసి.

ఒకసారి ఒక బడి పంతులు ఓపిక పట్టలేక స్వయంగా ఆ గదికే దిగి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో తడి సాక్సులు.

“చూడండి మేడమ్, పిండితే ఇన్ని నీళ్ళొచ్చాయి. ఇవి ఎక్కడివంటారు?”

“మీవే సార్. జాగ్రత్తగా తీసుకెళ్ళండి” అంది చెమటక్క.

ఆ మాట మేనేజరు నెల తిరిగేదాకా చెప్పుకుని నవ్వాడు. “మా అక్క ఆ కుర్చీలో ఉన్నంతకాలం మన బూటుకి చిల్లు పడదు” అని పైవాళ్ళ ముందు కూడా పొగిడాడు. ఆ పొగడ్తకు ఆమె పొంగిపోయింది. వెన్నెముక లేని మనిషి పొగిడినా పొగడ్తే కదా మరి, పొంగకేం చేస్తుంది!

ఇంత నోరున్న ఆడదానికి నోట్లో నాలుక లేని తమ్ముడొకడున్నాడు. తల్లి పోయినప్పటినుంచీ ఆమే పెంచింది. అక్క కూర్చోమంటే కూర్చున్నాడు. పోస్టాఫీసు పరీక్ష రాయమంటే రాశాడు. ఫలానా పిల్లను చేసుకోమంటే పిల్ల పొట్టా పొడుగా అని కూడా అడక్కుండా చేసుకున్నాడు. అదృష్టం బాగుండి పిల్ల మంచిదైంది. ఊరి పైన కొండవాలు మీద ఇళ్ళున్నాయి. బస్సు పోదు, సైకిలు పోదు. మెట్లు, మెట్లు అయిపోతే బురద దారి, దారికి రెండు వైపులా నడుముదాకా తడి గడ్డి. ఆ ఇళ్ళకు ఉత్తరాలు పంచే పోస్ట్‌మ్యాన్ అతనే. వానాకాలం మొదలైందంటే అక్కడ ఆకాశం మూత పెట్టడం మరిచిపోతుంది. అందుకని చెమటక్క కంపెనీలో చెప్పి, ఉద్యోగుల ధరకు ఒక మంచి జత ఇప్పించింది.

తర్వాతి ఆదివారం తమ్ముడు ఇంటికొచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

“బూట్లు ఎలా ఉన్నాయిరా?”

“చాలా బాగున్నాయక్కా. చాలా గట్టివి. కాకపోతే...”

“ఏంటి కాకపోతే?”

“ఏం లేదులే. సాయంత్రం విప్పేసరికి సాక్సులు తడిసిపోయి ఉంటున్నాయి. మర్నాడు పొద్దున వేసుకునేటప్పుడు కూడా లోపల తడి ఆరడం లేదు. నీళ్ళు గానీ వస్తున్నాయేమోనని...”

“చెమట” అంది అక్క, కూర తరగడం ఆపకుండా.

“చెమటేనంటావా?”

“నాకు చెప్తున్నావా బూట్ల గురించి?”

తమ్ముడు నొచ్చుకోలేదు. పైగా సిగ్గుపడ్డాడు. అంత మంచి బూట్లను తన పాడు కాళ్ళతో పాడు చేస్తున్నందుకు సిగ్గుపడ్డాడు! ఇలాంటివాళ్ళు ఉంటారా అని అడుగుతారేమో. ఉంటారు. వాళ్ళు ఉండబట్టే అలాంటి కంపెనీలు మూడు పువ్వులు ఆరు కాయలుగా వర్ధిల్లుతున్నాయి.

వానలు ముదిరాయి. తమ్ముడి కాళ్ళు తెల్లగా నాని, ముడతలు పడి, వేళ్ళ సందుల్లో తోలు లేచిపోయింది. నడకలో కుంటు వచ్చింది. పౌడర్లు చల్లుకున్నాడు. సంచిలో రెండో జత సాక్సులు పెట్టుకుని దారిలో మార్చుకున్నాడు. ఏదీ పని చేయలేదు. మళ్ళీ అక్క దగ్గరికే వచ్చి, చెప్పుల్లోంచి కాళ్ళు తీసి చూపించాడు. చూసినవాడెవడికైనా కడుపు తరుక్కుపోతుంది. చెమటక్కకూ తరుక్కుపోయింది, కాదనను. కానీ ఆమె నాలుక్కి అలవాటైన దారి ఒకటే.

“ఛీ, ఇదేం చెమటరా బాబూ! మన ఇంటావంటా లేదు. అంత చెమట ఎక్కడినుంచి పుట్టుకొస్తోందిరా నీకు? తాగిన నీళ్ళన్నీ కాళ్ళలోంచే పోతున్నట్టున్నాయి!”

“అంతేనంటావా?” అన్నాడు తమ్ముడు.

“మరేంటి, చెమట ఆకాశం నుంచి పడుతుందా? తాగిన నీళ్ళేగా!” అని నవ్వి, మందు రాసి పంపేసింది. అన్న మాట ఆ క్షణమే మరిచిపోయింది.

తమ్ముడు మరిచిపోలేదు.

కొండ మెట్ల మీద ఉత్తరాల సంచి పట్టుకుని కూలబడ్డాడని, ఎవరో ఆసుపత్రికి మోసుకెళ్ళారని కబురొచ్చినప్పుడు చెమటక్క యంత్రం దగ్గర ఉంది. చేతిలో ఉన్న బూటు తొట్టిలో పడేసి పరిగెత్తింది. వార్డులో మంచం మీద తమ్ముడు ఉన్నాడు. పెదాలు ఎండి పగిలాయి, కళ్ళు లోతుకు పోయాయి, చేతికి సెలైన్ పెట్టారు. మంచం కింద, నిండా బురద అంటిన బూట్లు. మంచం పక్కన మరదలు.

“ఏమైందే?” అంది చెమటక్క.

“ఏం కాలేదు వదినా. మీ తమ్ముడు చెమట తగ్గించుకుంటున్నారు” అంది మరదలు. ఆ గొంతులో ఉన్న వెటకారానికి గోడ సున్నం రాలాలి. “నీళ్ళు తాగడం మానేశారు. నేను నింపిచ్చిన సీసా దారిలో పారబోసి, ఖాళీ సీసా తెచ్చి నాకు చూపిస్తున్నారు. ఇంట్లో పెదాలు తడుపుకుంటున్నారు, అంతే. ఎందుకని అడిగితే అక్క చెప్పిందన్నారు.”

చెమటక్కకు తను అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

డాక్టరు ఒక మాట ఖచ్చితంగా చెప్పి వెళ్ళింది: మూత్రపిండాలు దెబ్బతినే దాకా వచ్చింది, సెలైన్ ఒక్కటే చాలదు, మనిషి నోటితో నీళ్ళు తాగాలి, రేపటికల్లా తాగడం మొదలుపెట్టకపోతే తన చేతుల్లో ఏమీ ఉండదు. ఆ మహానుభావుడు మాత్రం పక్కనున్న గ్లాసు ముట్టడం లేదు. పైగా నర్సును పిలిచి, “సిస్టర్, కాస్త ఆ సెలైన్ తగ్గిస్తారా? ఇదంతా మళ్ళీ కాళ్ళలోకే దిగుతుంది” అని మర్యాదగా అడుగుతున్నాడట. నర్సు నవ్వాలో ఏడవాలో తెలియక వెళ్ళిపోయిందట.

“తాగరా వెధవా!” అంది అక్క గ్లాసు అందిస్తూ. “ఏదో మాటవరసకు అన్నాను. ఎవడైనా నీళ్ళు మానేస్తాడా?”

“అయితే చెమట కాదా అక్కా?”

ఎంత తేలికైన ప్రశ్న! కాదు అంటే సరిపోయేది. ఆ రెండు అక్షరాలు చెమటక్క గొంతు దాటి రాలేదు. అంతకాలం గొప్పగా కూర్చున్న కుర్చీ కళ్ళముందు మెదిలింది కాబోలు.

“చెమటే. చెమటైతే మాత్రం...”

“అదే మరి” అంటూ తమ్ముడు గ్లాసు పక్కన పెట్టాడు. “నామీద జాలితో తాగమంటున్నావు. నాకు తెలుసులే. కాళ్ళు బాగుపడితే గానీ మళ్ళీ కొండెక్కలేను కదక్కా. కొన్నాళ్ళు ఓర్చుకుంటా.”

“డాక్టరు చెప్తోంది కదరా!”

“డాక్టరుకి బూట్ల గురించి ఏం తెలుసక్కా?”

మరదలు లేచింది. మంచం కిందనుంచి బూట్లు తీసి వదినగారి ఒళ్ళో పెట్టింది. బురద చీరకంతా అంటింది.

“పొద్దున్నించి సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ బూట్లన్నీ పరీక్ష చేస్తారు కదా వదినా. వీటిని చేశారా ఎప్పుడైనా? తీసుకెళ్ళండి. కారుతున్నాయో లేదో తేల్చుకుని రండి. మీరు చెప్తే గానీ ఆయన తాగరు. నా మాటా డాక్టరు మాటా గాలికి పోతున్నాయి.”

మర్నాడు పొద్దున్నే చెమటక్క ఆ జతను కొయ్యకాళ్ళకు తొడిగింది. లోపల కాగితం కుక్కింది. ఆ గదిలో అడుగుపెట్టినప్పటినుంచీ ఏనాడూ కోరుకోనిది ఆ రోజు కోరుకుంది. కారాలి. ఎక్కడో ఒక కుట్టు విడిపోయి ఉండాలి, మడత దగ్గర సూది మొనంత చిల్లైనా ఉండాలి. కారితే తప్పు బూటుది. తమ్ముడి ఎదుటికి పోయి నిజమే చెప్పొచ్చు, వాడు గ్లాసెత్తుకుంటాడు, తన పరువూ కొంతలో కొంత దక్కుతుంది. చూశారా, అప్పుడు కూడా పరువే!

మధ్యాహ్నానికి కాగితం తీసింది. పొడి. మళ్ళీ తొడిగి, తొట్టిలో నీళ్ళు ఇంకా నింపి, యంత్రం వేగం పెంచింది. మళ్ళీ పొడి. యంత్రం మీద నమ్మకం పోయి, బూటులో మగ్గుతో నీళ్ళు పోసి బల్ల మీద పెట్టి కూర్చుంది. పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నాయి. బల్ల మీద చెమ్మ కూడా లేదు. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆ నీళ్ళ వంక చూస్తూ ఉండిపోయింది. బయటి నీళ్ళు లోపలికి రావు, నిజమే. లోపలివి బయటికి పోయే దారి మాత్రం ఏది? ఆవిరి పోతుందని డబ్బా మీద అచ్చేశారు. పైతోలు రోజంతా వానలో నాని ముద్దయ్యాక ఆవిరి ఎటు పోతుంది? కొండెక్కే మనిషి కాలికి చెమట పట్టదా? అది ఆ రోజంతా అక్కడే ఉంటుంది, రాత్రి ఆరదు, మర్నాటి చెమట దానిమీద చేరుతుంది. కొయ్యకాళ్ళకు చెమట పట్టదు. ఇంతకాలం ఆమె చెప్పిన తీర్పులన్నీ కొయ్యకాళ్ళ తరఫునే.

అంటే చెమట అన్న మాట అబద్ధం కాదు. అదే ఘోరం. కాలికి అది వాన నీళ్ళా, స్వంత నీళ్ళా అన్న పట్టింపు ఉంటుందా? నానిపోవడానికి ఏదైతేనేం!

సరిగ్గా అప్పుడే మేనేజరు దిగి వచ్చాడు. బల్ల మీది బూటులో నీళ్ళు చూసి ముఖం విప్పారింది.

“ఒక్క చుక్క కారలేదా అక్కా? అబ్బబ్బా! కొండలెక్కిన పాత జత కదా! దీన్ని ఇలాగే నీళ్ళతో షాపు అద్దాల్లో పెట్టిద్దాం. జనం చచ్చినట్టు కొంటారు.”

చెమటక్క తలెత్తలేదు. ఆమె చూపు ఆయన కాళ్ళ మీద పడింది. రబ్బరు చెప్పులు. బయట కుంభవృష్టి, కంపెనీ మేనేజరు కాళ్ళకు రబ్బరు చెప్పులు! వేళ్ళు తడిసి, అప్పుడే ఆరుతున్నాయి కూడా.

“మీరు ఈ బూట్లు వేసుకోరేం సార్?”

“వానలోనా?” అన్నాడాయన, ఆమెకు మతి పోయిందేమోనన్నట్టు. “కాళ్ళు పాచిపోవూ?”

అన్నాక నాలుక కరుచుకున్నాడనుకుంటున్నారా? లేదు. హాయిగా నవ్వాడు. అక్క మన మనిషే కదా అని ధీమా. చెమటక్క తన కాళ్ళ వంక చూసుకుంది. ఆమెవీ రబ్బరు చెప్పులే. ఆ భవనంలో జీతం తీసుకునే మనిషి ఒక్కడు కూడా వానలో ఆ బూటు తొడగడు. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఛీ, ఏం బతుకు!

ఆమె బూటులోని నీళ్ళు మేనేజరు చెప్పుల పక్కనే నేల మీద ఒంపేసింది. ఆయన ఎగిరి గంతేశాడు. తర్వాత చెమటక్క బూటును లోపల గుడ్డతో పొడిగా తుడిచి, వదులు కాకుండా రెండు జతల సాక్సులు వేసుకుని, తమ్ముడి బూట్లలో కాళ్ళు దూర్చి, గొడుగు కూడా తీసుకోకుండా మెట్లెక్కి వీధిలోకి వచ్చింది. బస్సెక్కలేదు. ఊరు దాటి, ఎత్తు మీదున్న ఆసుపత్రి దాకా ఆ వానలో నడిచింది. కొంత దూరం బాగానే ఉంది. తర్వాత అరికాళ్ళు వెచ్చబడ్డాయి. ఆ వెచ్చదనం జిగటయింది, జిగట తడయింది. ఎత్తెక్కుతుంటే వేళ్ళు ఒకదానిమీద ఒకటి జారాయి. ప్రతి అడుగుకూ తను ముద్ర గుద్దిన డబ్బాల్లో ఒకటి గుర్తొచ్చి, తన్ను తానే తిట్టుకుంది. గట్టిగానే తిట్టుకుంది. దారిన పోయేవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని బూట్లు విప్పింది. సాక్సులు పిండితే నీళ్ళు కారాయి. వేళ్ళు తెల్లగా ముడతలు పడ్డాయి. తమ్ముడు ఇలాంటి కాళ్ళతో వానాకాలమంతా ఉత్తరాలు పంచాడు.

ఉత్త కాళ్ళతో, బూట్లు చేత్తో పట్టుకుని వార్డులోకి నడిచింది. తమ్ముడు నిన్నటికంటే వాడిపోయాడు. పక్కన గ్లాసు నిండుగా ఉంది, ముట్టలేదని చూస్తేనే తెలుస్తోంది. అయినా అక్కను చూడగానే లేచి కూర్చోబోయాడు.

“ఏం తేలిందక్కా?”

ఉన్నదున్నట్టు చెప్పాలనే వచ్చింది. చెమట నిజమే, కానీ తప్పు నీది కాదు, బూటుది, కంపెనీది, నాది. అంతా మనసులో వరసగా కూర్చుకుంది. తీరా వాడి మొహం చూశాక అర్థమైంది. చెమట అన్న ఒక్క మాట వినపడితే చాలు, వాడు మిగతాదేదీ వినడు. నా కాళ్ళే పాడుకాళ్ళక్కా అని తల దించుకుంటాడు. ఆ గ్లాసు అలాగే ఉంటుంది.

“కారాయిరా” అంది.

“నిజంగానా?”

“బొటనవేలి మడత దగ్గర. కుట్టు విడిపోయింది. పెట్టీ పెట్టగానే కాగితం ముద్దయిపోయింది.”

మరదలు ఆమె చేతిలోంచి ఒక బూటు తీసుకుంది. లోపల చెయ్యి పెట్టి మడత వెంబడి బొటనవేలితో తడిమింది. రెండో బూటూ తడిమింది. ఎక్కడా ఏమీ తగల్లేదు. వదినగారి మొహం వంక చూసింది, తెల్లగా నానిన ఆమె కాళ్ళ వంక చూసింది. బూట్లు కింద పెట్టేసి, గ్లాసు అందుకుంది.

“మరి చెమట కాదా?” అన్నాడు తమ్ముడు. “నాకోసం ఊరికే అనడం లేదు కదా?”

“కారకుండా కారిందని నేను ఎవరికైనా ఎప్పుడైనా చెప్పానట్రా?”

“అబ్బే, నువ్వు చెప్పవు. తలకాయ తీసినా చెప్పవు” అన్నాడు తమ్ముడు. మొహంలోకి ప్రాణం వచ్చింది. “హమ్మయ్య! నా ఒంట్లోనే ఏదో దోషముందని ఎంత భయపడ్డానో తెలుసా?”

మరదలు గ్లాసు నోటికి పెట్టింది. గుటక గుటకకూ కళ్ళు మూసుకుంటూ తాగాడు. గొంతు అంత చప్పుడు చేస్తుందని చెమటక్కకు తెలియదు. గ్లాసు ఖాళీ అయింది. మరదలి చేతిలో నీళ్ళ కూజా ఉంది, మూత తీసే ఉంది. తమ్ముడు ఆమె వంక చూడలేదు. ఖాళీ గ్లాసు పట్టుకుని అక్క వంక తిరిగి, సంకోచంగా అడిగాడు:

“ఇంకో గ్లాసు తాగనా అక్కా?”